ఊక ఊరికే రాదు

ఈ మధ్య ఆఫీసులో లంచ్ టేబుల్ దగ్గర ఎప్పుడు కూర్చున్నా ఒకటే గోల... ఈ20 పెట్రోలు. మైలేజీ పడిపోయిందని ఒకడు, పాత బండి పైపులు పాడైపోతాయని ఇంకొకడు, ఇదంతా చక్కెర మిల్లుల లాబీ అని మరొకడు. మా టీములో అందరికీ కార్లున్నాయి కాబట్టి చర్చంతా ట్యాంకు మూత దగ్గరే ఆగిపోతుంది. ఆ 20 శాతం ఏ చేలో పండింది, పండించినవాడికి ఏం మిగిలింది అని అడిగినవాడు ఇంతవరకూ నాకు కనబడలేదు.

నేను అడగడానికి ఒక కారణం ఉంది. మాది శ్రీకాకుళం జిల్లా. ఇంజనీరింగ్ రాజాంలో. బయోమాస్ కరెంటు, బయో ఇంధనం అని పేపర్లలో ఏది గొప్పగా రాసినా, దానికి సంబంధించిన ముక్క ఒకటి మా శ్రీకాకుళం-విజయనగరం మధ్య ఎక్కడో ఒకచోట కనబడుతుంది. ఊకతో కరెంటు, చెరుకు పిప్పితో కరెంటు, మడ్డితో ఇథనాల్, ఇప్పుడు మొక్కజొన్న. (2022లో జిల్లాలు విడగొట్టాక రాజాం విజయనగరంలోకి, సీతానగరం పార్వతీపురం మన్యంలోకి వెళ్ళాయి. నేను పాత లెక్కలోనే రాస్తున్నాను, సర్దుకోండి.)

అసలీ కథ మనం అనుకున్నంత కొత్తది కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో పెట్రోలుకి రేషన్ వచ్చినప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో బస్సులు బొగ్గుతో నడిచాయి. మీ ఇంట్లో పెద్దవాళ్ళుంటే "బొగ్గు బస్సు" అని చూడండి, వెంటనే ఏదో ఒకటి చెబుతారు. బస్సు వెనకాల ఒక పెద్ద డ్రమ్ము. అందులో కట్టెబొగ్గు పోసి, చాలీ చాలని గాలి ఇచ్చి కాలిస్తే కార్బన్ మోనాక్సైడు, కాస్త హైడ్రోజను వస్తాయి. ఆ గ్యాసుని చల్లార్చి, మసి వడకట్టి ఇంజనుకి ఇస్తారు. 1920ల్లో ఫ్రాన్సులో జార్జ్ ఇంబర్ అనే ఇంజనీరు దీన్ని వాహనాలకి పనికొచ్చేలా చేశాడు. యుద్ధకాలంలో యూరప్‌లో లక్షల బళ్ళు ఇలాగే నడిచాయి. ఒక లీటరు పెట్రోలు చేసే పనికి సుమారు కిలోన్నర నుంచి రెండు కిలోల బొగ్గు కావాలి. గ్యాసులో సగం పనికిరాని నైట్రోజనే కాబట్టి ఇంజను బలం మూడో వంతు పైనే పడిపోతుంది. మా తాత చెప్పేవాడు, సాలూరు వైపు ఎత్తు ఎక్కేటప్పుడు మగాళ్ళంతా దిగి నడిచేవారట, ముసలివాళ్ళూ పిల్లలూ మాత్రం బస్సులో కూర్చునేవారట. టిక్కెట్టు మాత్రం అందరికీ ఫుల్లే :-)

యుద్ధం అయిపోయింది, పెట్రోలు తిరిగొచ్చింది, డ్రమ్ములు పాత ఇనుము కింద పోయాయి. ఆ యంత్రంలో లోపమేమీ లేదు. కొరతకి పుట్టింది, కొరతతోనే పోయింది. ఆ తర్వాత యాభై ఏళ్ళ పాటు మా వైపు బయోమాస్ అంటే పొయ్యిలో కట్టే. ఆడవాళ్ళు తలమీద మోసుకొచ్చిన మోపులు, సరుగుడు తోపుల్లో ఏరిన పుల్లలు, ఊక పొయ్యిలు, పిడకలు. నిజానికి పరిమాణంలో చూస్తే అప్పుడూ ఇప్పుడూ అసలైన బయోమాస్ శక్తి అదే. కానీ దానికి మీటరు లేదు, అందుకే ఎవరి లెక్కలోకీ రాలేదు.

మీటరు పెట్టే కాలం 1997లో వచ్చింది. అప్పట్లో కరెంటు కోతలు ఎలా ఉండేవో మనకంటే పదేళ్ళు పెద్దవాళ్ళకి బాగా తెలుసు. ఆ ఏడాది నవంబర్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సంప్రదాయేతర ఇంధన ప్రాజెక్టులకి ఒక ప్యాకేజీ ప్రకటించింది. బయోమాస్, పిప్పి, గాలి, చిన్న జలవిద్యుత్తు... ఎవరు కరెంటు తయారుచేసినా యూనిట్‌కి 2.25 రూపాయలు, దానికి 1994-95ని మొదటి ఏడాదిగా పట్టుకుని ఏటా 5 శాతం పెంపు. చక్రవడ్డీ వేసుకుంటే 2003-04 నాటికి అది మూడున్నర రూపాయల దాకా వస్తుంది. బ్యాంకు మేనేజరుకి చూపించడానికి ఇంతకంటే అందమైన ఎక్సెల్ షీటు ఏముంటుంది? నెడ్‌క్యాప్ అనుమతులిచ్చింది, రాష్ట్రమంతటా నాలుగు, ఆరు, ఏడున్నర మెగావాట్ల ప్లాంట్లు లేచాయి. దేశంలో బయోమాస్ కరెంటు అంటే ముందు చెప్పుకునే రాష్ట్రాల్లో మనదొకటైంది.

మా వైపు అలా వచ్చిందే చిలకపాలెంలో వరం పవర్ ప్రాజెక్ట్స్ వాళ్ళ 6 మెగావాట్ల ప్లాంటు. హైవే పక్కనే. కొండలా పోసిన ఊక లారీలు, ప్రతి బండికీ పైన గోనెపట్టా, ఆ పట్టా చిరుగుల్లోంచి రాలుతున్న ఊక... చిలకపాలెం దారిలో ప్రయాణించినవాళ్ళకి ఇది కొత్త దృశ్యం కాదు.

ఆరు మెగావాట్లు అంటే మనకి ఆనదు కదా. సరదాగా లెక్క వేద్దాం, ఇది నా సొంత లెక్క. యూనిట్‌కి కిలో ముప్పావు పాళ్ళు కాకుండా, మంచి బాయిలర్ అనుకుని 1.3 కిలోల ఊక వేసుకుందాం. రోజంతా పూర్తి లోడు మీద నడిస్తే రోజుకి సుమారు 187 టన్నులు. ఊక బరువుండదు, చోటు మాత్రం తినేస్తుంది. లారీకి ఆరు టన్నులు పడితే గొప్ప. అంటే రోజుకి 30 లారీలు. ఊకలో ఐదో వంతు బూడిదే కాబట్టి, అవతలి గేటు నుంచి రోజుకి 35 టన్నుల బూడిద బయటికి పోవాలి. ఏడాదిలో 80 శాతం కాలం నడిచిందనుకుంటే 55 వేల టన్నుల ఊక. ధాన్యంలో ఊక ఐదో వంతు. అంటే 2 లక్షల 75 వేల టన్నుల ధాన్యం మర ఆడాలి. ఎకరానికి పాతిక బస్తాలు, బస్తా 80 కిలోలు అనుకుంటే దాదాపు లక్షా 37 వేల ఎకరాల పంట.

లక్షా 37 వేల ఎకరాల ఊక మొత్తం, ఒక్క గింజ పొట్టు కూడా పక్కకి పోకుండా తెస్తే, ఆరు మెగావాట్లు!

పక్కకి పోకుండా ఎలా ఉంటుంది? మా మావయ్యకి చిన్న రైసు మిల్లు ఉంది. ఒకసారి ఊక సంగతి అడిగితే ఆయన చెప్పింది ఇది. "ఏటనుకున్నావు అల్లుడూ, నా సిన్నప్పుడు ఊక తీసుకెళ్ళిపోండ్రా బాబూ అని బతిమాలీవోలం. ఇప్పుడు లారీకి ఎత్తకముందే ఇటకల బట్టీ ఆసామి ఫోన్ సేస్తాడు. డబ్బులు సేతిలో ఎడతాడు. కరెంటోలైతే బిల్లు రాసుకుని నెల పోయాక రా అంటారు. నువ్వయితే ఎవలికిస్తావు?"

పాలసీ రాసినవాళ్ళు ఊకని "వ్యర్థం" అన్నారు. వ్యర్థం అంటే ధర లేనిది అని అర్థం. కానీ దానికి మీరు ఒక కొనుగోలుదారుణ్ణి తెచ్చిన రోజే అది వ్యర్థం కాకుండా పోతుంది. ఉప్పుడు బియ్యం మిల్లులు తమ బాయిలర్లకి తమ ఊకే వాడుకుంటాయి. ఇటుక బట్టీలు ఉన్నాయి. ఊక చాలక నీలగిరి, సరుగుడు కర్రకి పోదామంటే అక్కడ పేపరు మిల్లులు కూర్చున్నాయి. రాయగడ మిల్లు మాకు కొండ అవతలే. పైగా ఊక వచ్చేది కోతలయ్యాక నాలుగైదు నెలలు. మిగతా ఏడాదికి నిలవ పెట్టాలి, వానకి తడవకుండా కాపాడాలి.

ఇక 2004. ఆ మార్చిలో రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి పాత లెక్క పక్కన పెట్టి కొత్త టారిఫ్ ఇచ్చింది. ధరని రెండు ముక్కలు చేసింది. ప్లాంటు అప్పు తాలూకు స్థిర ఖర్చు ఏటేటా తగ్గుతుంది, ఇంధనం ఖర్చు ఏటేటా కొంత పెరుగుతుంది. మొత్తం కలిపితే మొదలే మూడు రూపాయల లోపు. ప్లాంట్ల వాళ్ళు గగ్గోలు పెట్టారు. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, సూత్రం ప్రకారం మండలి చేసింది తప్పు కాదు. అప్పు తీరిపోతున్నా మొత్తం ధర మీద 5 శాతం పెంచుతూ పోవడం ఏం న్యాయం? ఆ డబ్బు కట్టేది కూడా కరెంటు బిల్లు కట్టే జనమే. 2004 తర్వాత సమీక్ష ఉంటుందని 2001లోనే చెప్పారు కూడా. నాకు నచ్చనిది ఇంధనం ముక్క. దాన్ని హైదరాబాదులో హియరింగులో ఒక అంకె మీద నిలబెట్టారు. మా మావయ్య మిల్లు గేటు దగ్గర ధర ఇటుకల సీజనుని బట్టి నిర్ణయమవుతుంది. ఆ ఇటుకల బట్టీ ఆసామి మండలి ఆర్డరు చదవడు కదా.

ప్లాంట్లు అప్పిలేట్ ట్రిబ్యునల్‌కి వెళ్ళి గెలిచాయి. ట్రాన్స్‌కో సుప్రీంకోర్టుకి వెళ్ళింది. 2010 జూలై 8న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. టారిఫ్ తేల్చే అధికారం మండలికి ఉంది, మళ్ళీ విని తేల్చండి అని వెనక్కి పంపింది. 2004లో మొదలైన తగువు ఆరేళ్ళ తర్వాత తిరిగి మొదటి బల్ల దగ్గరికే వచ్చింది. ఈ ఆరేళ్ళూ బాయిలర్లకి ఊక కొంటూనే ఉండాలి, బ్యాంకుకి వడ్డీ కడుతూనే ఉండాలి.

ఆ తేదీ దగ్గర ఒక్క నిమిషం ఆగండి. జూలై 8. సరిగ్గా ఆరు రోజులకి, 2010 జూలై 14న, మా సోంపేటలో పోలీసు కాల్పులు జరిగాయి. ఇద్దరు చనిపోయారు. బీల నేలల్లో బొగ్గు కరెంటు ప్లాంటు వద్దన్నందుకు. బీల అంటే ఏడాదంతా తడి ఉండే పల్లపు నేల. కింద పొలాలకి నీళ్ళు, బెస్తవాళ్ళకి చేపలు, పశువులకి గడ్డి అక్కడి నుంచే. సర్కారు కాగితాల్లో మాత్రం అది బంజరు. తర్వాతి ఏడాది ఫిబ్రవరి 28న కాకరాపల్లిలో మళ్ళీ కాల్పులు, మళ్ళీ చావులు. అక్కడ తలపెట్టింది 2,640 మెగావాట్లు. అంటే చిలకపాలెం లాంటివి 440. ఒకే జిల్లాలో, ఒకే కాలంలో, ఒక పక్క 6 మెగావాట్ల ఊక ప్లాంటుకి ఎన్ని పైసలివ్వాలో తేలదు, ఇంకో పక్క వేల మెగావాట్ల బొగ్గు కోసం తుపాకులు లేస్తాయి. ఊక ప్లాంట్లు ఉంటే థర్మల్ అక్కర్లేకపోయేది అని నేను అనను. పైన లెక్క చూశారుగా, ఆ 440 ప్లాంట్లకి మన ఊక ఏ మూలకీ చాలదు. కానీ ప్రభుత్వానికి ఏది చిన్న పనో ఏది పెద్ద పనో ఆ ఆరు రోజుల్లో కనబడుతుంది.

ఊకకి ఉన్న సరఫరా కష్టం చెరుకు పిప్పికి లేదు. పిప్పి మిల్లులోనే పుడుతుంది, లారీ అక్కర్లేదు. వంద కిలోల చెరుకు ఆడితే 30 కిలోల పిప్పి, నాలుగు నాలుగున్నర కిలోల మడ్డి. పిప్పిని కాల్చి కరెంటు, మడ్డిని పులియబెట్టి ఆల్కహాలు. రాజాం దగ్గర సంకిలిలో జీఎమ్మార్ వాళ్ళు పెట్టిన చక్కెర ఫ్యాక్టరీ ఈ పద్ధతికి మంచి ఉదాహరణ. 16 మెగావాట్ల కో-జెన్, డిస్టిలరీ రెండూ ఉన్నాయి. 2010లో అది ఈఐడీ ప్యారీ చేతికి వెళ్ళింది. క్రషింగ్ సీజనులో ఆ దారిన వెళ్తే మడ్డి వాసన బస్సులోకి వచ్చేస్తుంది. మొదట్లో కడుపులో తిప్పుతుంది, ఫైనలియర్‌కి అలవాటైపోతుంది.

2003 జనవరి నుంచి తొమ్మిది రాష్ట్రాల్లో పెట్రోల్లో 5 శాతం ఇథనాల్ కలపాలని కేంద్రం ఆదేశించింది. మనది ఆ తొమ్మిదిలో ఒకటి. ఆ వెంటనే వర్షాలు దెబ్బతీశాయి, చెరుకు తగ్గింది, మడ్డి లేదు. 2004లో ఆదేశాన్ని సవరించి, దొరికితే కలపండి అన్నారు. తర్వాత 2009 జాతీయ విధానంలో ఏకంగా 2017 నాటికి 20 శాతం అని రాసేశారు. 2017 వచ్చింది, వెళ్ళింది, 20 కాదు కదా 5 కూడా దాటలేదు.

ఈ అంకెలు మారుతున్న కాలంలో మా చెరుకు రైతుకి ఏమైందో చూడండి. ఆమదాలవలస సహకార ఫ్యాక్టరీ ఎప్పుడో మూతపడింది. ప్రతి ఎన్నికలకీ తెరిపిస్తామంటారు, ఆ హామీకి మా ఊళ్ళల్లో పెళ్ళీడు వచ్చేసింది. విజయనగరం వైపు భీమసింగి సహకార ఫ్యాక్టరీ అదీ ఆగిపోయింది. నిజాం షుగర్స్ నుంచి ప్రైవేటుకి వెళ్ళిన లచ్చయ్యపేట ఫ్యాక్టరీలో బకాయిలు సీజన్ల తరబడి పేరుకుపోయాయి. 2021 నవంబర్‌లో రైతులు రోడ్డెక్కారు, పోలీసులతో గొడవ, రాళ్ళు, లాఠీలు, అన్ని పేపర్లలో వచ్చింది. చట్టం మాత్రం భేషుగ్గా ఉంది. 1966 నాటి చెరుకు నియంత్రణ ఉత్తర్వు ప్రకారం చెరుకు తోలిన 14 రోజుల్లో డబ్బు ఇవ్వాలి, ఆలస్యమైతే 15 శాతం వడ్డీ. బొబ్బిలి, సీతానగరం వైపు వాళ్ళు ఆఖరికి సంకిలికి తోలుకున్నారు, దూరాభారం తమ నెత్తినే వేసుకుని. చాలామంది చెరుకే మానేశారు. దేశం ఇథనాల్లో రికార్డులు కొట్టిన సంవత్సరాల్లోనే మా వైపు చెరుకు తోటలు పలచబడిపోయాయి.

మధ్యలో బయోడీజిల్ అధ్యాయం ఒకటి ఉంది. దాని గురించి ఎక్కువ రాయను, ఎందుకంటే అందులో కాగితం ఎక్కువ, నూనె తక్కువ. 2003లో ప్రణాళికా సంఘం కమిటీ అడవి ఆముదం వేస్తే చాలంది. 2011-12కి 20 శాతం డీజిల్ కావాలంటే 1.12 కోట్ల హెక్టార్లు కావాలని లెక్క. ఎక్కడ? బంజరుల్లో. నీళ్ళూ ఎరువూ లేకుండా మొక్క బతుకుతుంది, నిజమే. బతకడం వేరు, కాయడం వేరు కదా. ఉన్నంతలో బాగున్న కథ ఆదిలాబాద్ జిల్లా పవర్‌గూడ ఆడవాళ్ళది. ఉన్న కానుగ చెట్ల గింజలు ఏరి నూనె తీశారు. 147 టన్నుల కార్బన్‌డయాక్సైడు తగ్గించినందుకు 2003లో ప్రపంచ బ్యాంకు వాళ్ళకి 645 డాలర్లు ఇచ్చింది. మొత్తం తెచ్చి పంచితే చీర డబ్బులు. 2008లో కాకినాడలో పెద్ద బయోడీజిల్ ప్లాంటు వచ్చింది కానీ, దాని ముఖ్యమైన ముడిసరుకు పామాయిలు శుద్ధిలో మిగిలే స్టియరిన్. అడవి ఆముదం వేసిన రైతు గింజలు పట్టుకుని ఎవరి గుమ్మం ఎక్కాలి?

2018లో విధానం మారింది. మడ్డి ఒక్కటే కాదు, చెరుకు రసం, నూకలు, పాడైన ధాన్యం, మొక్కజొన్న అన్నీ సరే అన్నారు. 2020 నుంచి ఎఫ్‌సీఐ గోదాముల్లో మిగులు బియ్యం కూడా. 2022 జూన్‌లో 10 శాతం దాటాం, 2025లో 20. ఈసారి అంకె నిజంగానే చేరారు, ఒప్పుకోవాలి. ఎలా చేరారంటే, ఒక్క పంట మీద ఆధారపడకుండా, చమురు కంపెనీలు ముందే ధర చెప్పి కొన్నాయి. 1997లో ఊకకి, 2003లో మడ్డికి లేనిది అదే.

అయితే ఆ ధర చెప్పింది డిస్టిలరీకి. విజయనగరంలో రబీ మొక్కజొన్న వేసే రైతుకి మద్దతు ధర కాగితం మీద ఉంటుంది, కళ్ళంలో వ్యాపారి చెప్పిందే ధర. బియ్యం సంగతి ఇంకా చిత్రం. 2024-25లో సాధారణ రకం ధాన్యానికి మద్దతు ధర క్వింటాలుకి 2,300 రూపాయలు. 2025 జనవరిలో ఇథనాల్ కోసం ఎఫ్‌సీఐ బియ్యం క్వింటాలు 2,250కి ఇచ్చారు. ధాన్యం కాదండీ, బియ్యం! మర ఆడించి, రవాణా చేసి, గోదాములో దాచి, వడ్ల ధర కంటే తక్కువకి. నా కారు ట్యాంకు 35 లీటర్లు. అందులో ఇథనాల్ 7 లీటర్లు. టన్ను బియ్యానికి 450 లీటర్లు వస్తాయనుకుంటే ఆ ఏడు లీటర్లకి 15 కిలోల పైన బియ్యం. మనిషికి నెలకి రేషను 5 కిలోలు. ఒక ఫుల్ ట్యాంకంటే ముగ్గురి నెల రేషను. (అన్ని లీటర్లూ బియ్యం నుంచి రావు, మొక్కజొన్న వాటా ఎక్కువ. పిండిపదార్థం పోయాక మిగిలే చెక్క పశువుల దాణాకి వెళ్తుంది. అది కూడా లెక్కలో వేసుకోవాలి.)

ఊకకీ మళ్ళీ పిలుపొచ్చింది. 2021లో కేంద్ర విద్యుత్ శాఖ థర్మల్ ప్లాంట్లలో బొగ్గుతో పాటు 5 శాతం బయోమాస్ గుళికలు కాల్చాలంది. మాకు దగ్గర్లో ఉన్న పెద్దది పరవాడ సింహాద్రి, 2,000 మెగావాట్లు. ఏడాదికి 80 లక్షల టన్నుల బొగ్గు అనుకుంటే 5 శాతం అంటే 4 లక్షల టన్నులు. చిలకపాలెం లాంటివి ఏడింటికి సరిపడా. ఆ గుళికలు చేసేవాడు ఊక కోసం మా మావయ్య గేటు దగ్గరికే రావాలి, బట్టీ ఆసామి వెనకాల నిలబడాలి.

ఇప్పుడు కొత్తగా వచ్చింది నేపియర్ గడ్డి. 2024 నవంబర్‌లో రాష్ట్ర ప్రభుత్వం రిలయన్స్‌తో ఒప్పందం చేసుకుంది. 500 కంప్రెస్డ్ బయోగ్యాస్ ప్లాంట్లు, 65 వేల కోట్ల పెట్టుబడి, 5 లక్షల ఎకరాల బంజరు, బీడు భూముల్లో గడ్డి. 2025 ఏప్రిల్ 2న కనిగిరి దగ్గర దివాకరపల్లిలో మొదటిదానికి శంకుస్థాపన అయింది. గడ్డి నుంచి గ్యాసు రావడంలో టెక్నాలజీ సమస్యేమీ లేదు, గోబర్ గ్యాసు సూత్రమే. కొలిమి లేదు, బూడిద లేదు, మిగిలిన ముద్ద పొలానికి ఎరువు. ఊక ప్లాంటు కంటే నాకు ఇదే నచ్చింది. కానీ నేపియర్ గడ్డి ఏడాదికి ఐదారు కోతలు ఇవ్వాలంటే నీళ్ళు కావాలి, నీళ్ళున్న నేల బంజరుగా ఎందుకు పడి ఉంటుంది? పశువులు మేసే బీడు ఎవరి లెక్కలో బంజరు? సోంపేట బీల కూడా కాగితాల్లో బంజరే.

కనిగిరి వైపు మీకు చుట్టాలెవరైనా ఉంటే, ప్లాంటు నడవడం మొదలయ్యాక రెండు సంగతులు కనుక్కుని చెప్పండి. టన్ను గడ్డికి గట్టు దగ్గర రైతు చేతికి ఎంత వచ్చింది, ఎన్ని రోజులకి వచ్చింది.